అడవిపిల్లికి ఇంటిపేరు

రైఫిల్ తూటాల్లో ‘వైల్డ్‌క్యాట్’ అనే రకం ఒకటుంది. అంటే అడవిపిల్లి. ఏ కంపెనీ క్యాటలాగులోనూ లేకుండా, ఎవరో ఒకరు తన వర్క్‌షాపులో సొంతంగా తయారు చేసుకున్న తూటాకి అమెరికాలో పెట్టిన పేరది. నాకు తుపాకుల మీద మోజేం లేదు. కానీ ఈ అడవిపిల్లుల్లో కొన్ని ఫ్యాక్టరీ సరుకుగా ఎలా మారాయన్నది మెకానికల్ స్టూడెంటుగా నాకు భలే ఆసక్తిగా అనిపించింది.

ముందు తూటా గురించి. సినిమాలు చూసి తూటా, బుల్లెట్టు ఒకటే అనుకుంటాం. నిజానికి తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్టు. ఎగిరిపోయేది బుల్లెట్టు ఒక్కటే. రైఫిల్ కేసు చాలావరకు సీసా ఆకారంలో ఉంటుంది. ఆ సీసా మెడని నొక్కి సన్నం చేస్తే చిన్న బుల్లెట్టు పడుతుంది. మందుకి చోటు దాదాపు అంతే, బుల్లెట్టు మాత్రం తేలిక. కాబట్టి వేగం పెరుగుతుంది. వైల్డ్‌క్యాట్లలో ఎక్కువ భాగం పుట్టింది ఈ లెక్కతోనే.

ఒక ఉదాహరణ చెప్తాను. 1915లో శావేజ్ కంపెనీ .250-3000 అనే తూటా తెచ్చింది. దాన్ని డిజైన్ చేసింది చార్లెస్ న్యూటన్. మొదటి అంకె అంగుళాల్లో కొలత, రెండోది సెకనుకి 3000 అడుగుల వేగం. 1930లలో కొందరు దీని మెడని .22కి తగ్గించారు. దూరం నుంచి, పంటల్ని పాడుచేసే చిన్న జంతువుల్ని కొట్టడానికి అది బాగా పనికొచ్చింది. జె. ఇ. గెబీ అనే గన్‌స్మిత్ తన రకానికి ‘వార్మింటర్’ అని పేరు పెట్టి రిజిస్టర్ చేయించుకున్నాడు. ఆ పేరు వాడుకునే వీల్లేక మిగతావాళ్లు .22-250 అన్నారు. చివరికి జనం నోట నిలిచింది ఆ అంకెలే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఒక్కో గన్‌స్మిత్ చాంబరుని తన రీమరుతో, తన కొలతల్లో తొలిచేవాడు. ఒకరి రైఫిల్‌కి చేసిన తూటా ఇంకొకరి రైఫిల్‌లో సరిగ్గా కూర్చుంటుందన్న భరోసా లేదు. ఇదేమీ చిన్న విషయం కాదు. ఈ తూటాకి ఇప్పుడున్న ఒత్తిడి పరిమితి 65,000 పీఎస్ఐ, అంటే కారు టైరులో ఉండేదానికి దాదాపు 2000 రెట్లు. పల్చటి ఇత్తడి ఒక్కటే దాన్ని ఆపలేదు. చుట్టూ ఉన్న చాంబరు గోడలు, వెనకున్న బోల్టు కాయాలి. ఖాళీ ఎక్కువైతే కేసు సాగి చిట్లుతుంది, వేడి గ్యాసు కాల్చేవాడి మొహం మీదకే రావచ్చు.

1963లో బ్రౌనింగ్ కంపెనీ ఈ తూటాకి రైఫిల్ అమ్మడం మొదలెట్టింది. విచిత్రం ఏంటంటే, అప్పటికి ఆ తూటాని ఏ ఫ్యాక్టరీ తయారు చేయట్లేదు! 1965లో రెమింగ్టన్ చేపట్టి .22-250 రెమింగ్టన్ అని ఇంటిపేరు తగిలించింది. అమెరికాలో ఈ ప్రమాణాల్ని చూసేది 1926లో మొదలైన సామీ అనే తయారీదారుల సంస్థ. తూటా ఎంతకన్నా పెద్దది కాకూడదు, చాంబరు ఎంతకన్నా చిన్నది కాకూడదు, ఒత్తిడి ఎంత దాటకూడదు అన్నది డ్రాయింగుల్లో ఉంటుంది. మనం ‘లిమిట్స్ అండ్ ఫిట్స్’ అని పరీక్షల కోసం బట్టీపట్టేది ఇదే!

అన్నిటికీ ఈ యోగం త్వరగా పట్టలేదు. నీడ్నర్ 1920లో చేసిన .25-06ని రెమింగ్టన్ 1969లో గానీ తీసుకోలేదు. అన్నేళ్లూ ప్రయోగాలకి డబ్బు, రిస్కు అభిమానులవి. గిరాకీ ఖాయమయ్యాక వచ్చింది కంపెనీ. న్యాయమా అంటే, పేరు విషయంలో కాదనే అంటాను. .257 రాబర్ట్స్‌లో నెడ్ రాబర్ట్స్ పేరు మిగిలింది గానీ, .22-250లో గెబీ కనిపించడు. కానీ కంపెనీ చేసిన పని కూడా తక్కువది కాదు. తయారుచేసినవాడెవరో తెలియని మనిషి కూడా కొట్టుకెళ్లి డబ్బా కొని ధైర్యంగా వాడగలిగాడు.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం, కాబట్టి ఆ ప్రయోగం మనకొద్దు. మన ప్రాజెక్టులు మాత్రం అన్నీ ఒకరకంగా వైల్డ్‌క్యాట్లే. డెమో రోజు మనం పక్కనుంటేనే నడుస్తాయి. ఈసారి రిపోర్టు రాసేటప్పుడు ఒక్క పని చేద్దాం: మనల్ని ఒక్క మాట కూడా అడక్కుండా, మన డ్రాయింగు చూసి జూనియర్ ఆ పార్టు చేయగలడేమో చూద్దాం.