పల్లెపాటను వరించిన పండితుడు

పల్లెపాటను పండితులు చిన్నచూపు చూచుట తమ రెరుగనిది కాదు. నేపాళదేశమున ఆ పాటకు గౌరవము గూర్చిన మహాకవి లక్ష్మీప్రసాద్ దేవకోట (1909–1959). సంస్కృత వృత్తములలో మహాకావ్యము రచింపజాలిన విద్వాంసు డయ్యు, ఆయన 1936లో వెలువడిన ‘మునా మదన్’ కావ్యమును పల్లీయులు పాడుకొను ఝ్యావురే బాణీలో వ్రాసెను.

ధనార్జనకై లాసా నగరమున కేగిన మదనుడు తిరుగుదారిలో జబ్బుపడగా, తోడివారు విడిచిపోయిరి. పరజాతివాడైన టిబెట్టు దేశీయు డొకడు కాపాడెను. ఇల్లు చేరునప్పటికి భార్య మునా కన్నుమూసి యుండెను. మనుష్యుని గొప్పతనము జాతిని బట్టి కాక హృదయమును బట్టియే యని కవి హితవు.

1947లో రాణాల నిరంకుశ పాలన నెదిరించి కాశికి వెడలి, ‘యుగవాణి’ పత్రికా సంపాదకత్వమున పాలుగొనెను. 1957లో విద్యామంత్రి యయ్యెను. తన రచనలన్నియు కాల్చివేసినను ‘మునా మదన్’ను మాత్రము నిలుపుడని అంత్యకాలమున కోరె నందురు.