సేంద్రియ సేద్యము - కౌలుదారు

1964లో నెలకొని, 1996 నుండి ఆచార్య రంగాగారి పేరు ధరించిన మన వ్యవసాయ విశ్వవిద్యాలయము సేంద్రియ సేద్యమును బోధించుట మాకు సంతోషము. జీలుగ, జనుము చల్లి, పూతదశయందు దమ్ములో కలియదున్నినచో భూమి సారవంతమగుననుట నిజమే. కాని ఆ సారము ఒక్క యేట చేకూరదు. రసాయనపు టెరువులు మానిన తొలియేండ్ల దిగుబడి తగ్గుటయు కలదు. 2021లో వాని దిగుమతిని హఠాత్తుగా నిషేధించిన సింహళ ప్రభుత్వము, రైతుల యాందోళనచే ఆ యేడే వెనుకకు తగ్గినది. కృష్ణా డెల్టాలో ఏటేట చేను మారు కౌలుదారు ఎవరి భూమికొరకు ఈ నష్టమును సహించును? కావున విశ్వవిద్యాలయము తన క్షేత్రములతో తృప్తినొందక, కౌలుచేలలోనే మూడేండ్లు ప్రయోగములు నడిపి, లాభనష్టములు రెండును తెలుగున ప్రకటింపవలెనని కోరుచున్నాము. ఆ మూడేండ్లకు కౌలుపత్రము వ్రాసియిచ్చుట భూస్వాముల పని. మా పాఠకులలో అట్టివారు పెక్కుమంది కలరు.