పాఠాలు చెప్పడానికి విదేశం వెళ్తున్నారా? సెలవు రోజే జాగ్రత్త!

మీ ఇంట్లో బీఈడీ చేసిన అమ్మాయో, డిగ్రీ పూర్తయిన అబ్బాయో ‘ఆఫ్రికాలో ఆర్నెల్లు వాలంటీరుగా పిల్లలకు పాఠాలు చెప్పి వస్తాను’ అన్నారనుకోండి. అమ్మ అడిగే మొదటి ప్రశ్న ‘అక్కడేటి తింటావు?’. నాన్న అడిగేది ‘ఎంతిస్తారు?’. ఆరోగ్యం సంగతి టికెట్‌ కొన్నాక గానీ గుర్తుకురాదు. వైద్యుడిగా నాకు ఈ వరస తలకిందులుగా కనిపిస్తుంది.

ఇలా వెళ్లడం మనవాళ్లకు కొత్తేం కాదు. ఇథియోపియా విశ్వవిద్యాలయాల్లో తెలుగు అధ్యాపకులు ఏళ్లుగా పనిచేస్తున్నారు. అక్కడి విద్యార్థులు విశాఖ వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధనలు చేస్తుంటారు. మాల్దీవుల బడుల్లోనూ మన దేశపు మాస్టార్లు ఉన్నారు. 1970లో మొదలైన ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం ద్వారా, రకరకాల స్వచ్ఛంద సంస్థల ద్వారా వెళ్లే యువత వేరే. ఉద్యోగానికి వెళ్లేవారిని సాధారణంగా వైద్య పరీక్షల కాగితాలు అడుగుతారు. చిన్న సంస్థల తరఫున వెళ్లే వాలంటీర్లకు ఆ గట్టి నిబంధన ఉండకపోవచ్చు. కాబట్టి ఆ పని మీరే పెట్టుకోవాలి.

ఇంకో మాట. తరగతి గదిలో జబ్బుపడే అవకాశం తక్కువ. బడి ఉన్న రోజు కాచిన నీళ్లు, వేళకు తిండి, రాత్రికి దోమతెర ఉంటాయి. శని, ఆదివారాలు వచ్చేసరికి సరస్సు, కొండ, అద్దె బైకు. చిక్కంతా అక్కడే.

తేట నీళ్లే కదా అని...

మా రామతీర్థం చుట్టుపక్కల పిల్లలు ఈత నేర్చుకునేది ఊరి చెరువులోనో, చంపావతిలోనో. నీళ్లు కనిపిస్తే దిగడం వీళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆఫ్రికాలో ఈ అలవాటే కొంప ముంచుతుంది. విక్టోరియా, మలావీ సరస్సులు, ఇథియోపియాలోని తానా సరస్సు.. చూడటానికి ఎంత బాగుంటాయో చెప్పలేం. కానీ వాటిలో బిల్‌హార్జియా అనే పరాన్నజీవి ఉంటుంది. నీటి నత్తల నుంచి బయటికొచ్చిన దీని పిల్లపురుగులు కంటికి కనిపించవు. నీళ్లలో ఉన్న కొద్ది నిమిషాల్లోనే చర్మంలోంచి లోపలికి దూరిపోతాయి. నీళ్లు మింగనక్కర్లేదు. మోకాళ్ల లోతు దిగినా చాలు. నీళ్లు తేటగా ఉన్నాయా, మురికిగా ఉన్నాయా అన్నదానితో పనిలేదు. ‘వెంటనే తుడిచేసుకున్నాను’ అన్నా పూర్తి భరోసా ఉండదు.

మన దేశంలో ఈ జబ్బు దాదాపు లేదు. అసలు ప్రమాదం కూడా ఇదే, ఎందుకంటే మా వైద్యులకు ఇది వెంటనే తట్టదు. నీళ్లలో దిగిన మూడు నుంచి ఎనిమిది వారాలకు జ్వరం, పొడిదగ్గు, దద్దుర్లు రావచ్చు. రక్త పరీక్షలో ఇసినోఫిల్స్‌ పెరిగి ఉంటాయి. మన ఇళ్లలో ‘ఇస్నోఫీలియా’ అంటూ తేలిగ్గా తీసిపారేసేది ఇదే కదా! జబ్బు అక్కడే మరుగున పడిపోతుంది. కొన్ని రకాల్లో నెలల తర్వాత మూత్రంలో రక్తం పడుతుంది. ఉద్దానం పేరు విని పెరిగిన ప్రాంతం మనది. మూత్రంలో తేడా అనగానే కిడ్నీ పోయిందేమోనన్న భయం, లేదంటే రాయేమోనన్న అనుమానం. స్కానింగుల మీద స్కానింగులు. ‘ఫలానా సరస్సులో ఈదాను’ అన్న ఒక్క ముక్క చెబితే దారి మారిపోతుంది. ప్రాజిక్వాంటెల్‌ అనే మాత్రలతో ఇది తగ్గుతుంది.

సముద్రంలో, క్లోరిన్‌ కలిపిన ఈతకొలనులో ఈ బెడద లేదు. స్నానానికి సరస్సు నీళ్లే దిక్కయితే కాచి వాడాలి. లేదా కనీసం రెండు రోజులు తొట్టెలో నిలవ ఉంచాలి.

‘దోమలు మాకు అలవాటే’

ఈ మాట నేను ఆసుపత్రిలో తరచూ వింటాను. మన ఏజెన్సీలో మలేరియా ఉన్న మాట నిజమే. అంతమాత్రాన మైదానంలో పెరిగిన మీ పిల్లలకు రక్షణ కవచమేమీ ఉండదు. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపరం రకం. చికిత్స ఆలస్యమైతే ప్రాణం మీదికి తెస్తుంది. నివారణ మాత్రలున్నాయి. డాక్సీసైక్లిన్‌ అయితే వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ రోజూ వేసుకుని, తిరిగొచ్చాక మరో నాలుగు వారాలు కొనసాగించాలి. ఇల్లు చేరగానే ఆపేయడం మామూలుగా జరిగే పొరపాటు. మెఫ్లోక్విన్‌ వారానికోసారి చాలు గానీ కుంగుబాటు, ఫిట్స్‌ ఉన్నవారికి పనికిరాదు. పీడకలలు రావచ్చు. అసలే ఇంటి మీద బెంగతో ఉన్నవారికి అదో అదనపు బాధ. ఏ మందు ఎవరికన్నది వైద్యులే తేల్చాలి.

అన్ని దేశాలకూ ఇవి అక్కర్లేదు. మాల్దీవులను 2015లో, శ్రీలంకను 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా లేని దేశాలుగా ధ్రువీకరించింది. అయితే అక్కడ డెంగీ ఉంది. దాన్ని మోసే దోమ పగలే కుడుతుంది.

పసుపు కాగితం మరవొద్దు

ఇథియోపియా, కెన్యా, ఉగాండా లాంటి దేశాలకు వెళ్లేవారికి ఎల్లో ఫీవర్‌ టీకా ఉండాలి. విశాఖలో పోర్ట్‌ హెల్త్‌ ఆఫీసులో వేస్తారు. ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. కానీ ధ్రువపత్రం టీకా వేసిన పది రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. అది లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. గర్భిణులు, గుడ్డు పడనివారు, అరవై దాటినవారు ముందే వైద్యులతో మాట్లాడాలి. టైఫాయిడ్‌, హెపటైటిస్‌-ఎ, ధనుర్వాతం, మెనింజైటిస్‌ టీకాల సంగతి కూడా అప్పుడే అడగండి. వీటన్నిటికీ ప్రయాణానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు మొదటిసారి రండి. ముందురోజు సాయంత్రం వస్తే నేను చేయగలిగేది చేతులు కడుక్కోమని చెప్పడమే.

కుక్క కరిచినా, కోతి రక్కినా పావుగంట సబ్బుతో కడిగి అదే రోజు రేబిస్‌ టీకా వేయించుకోవాలి. మారుమూల బడికి వెళ్తున్నవారైతే ముందుగానే టీకా వేయించుకోవడం మేలు.

కొండల సంగతీ చెప్పాలి. రోజూ గురుభక్తులకొండ ఎక్కి దిగే కుర్రాడికైనా ఎత్తు జబ్బు వస్తుంది. దమ్ముకూ దీనికీ సంబంధం లేదు. అడిస్‌ అబాబా నగరమే దాదాపు 2,350 మీటర్ల ఎత్తులో ఉంది. కిలిమంజారో 5,895 మీటర్లు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటును రోజుకు 500 మీటర్ల కంటే పెంచకూడదు. తలనొప్పి, వికారం మొదలైతే అక్కడే ఆగాలి. తగ్గకపోయినా, అడుగులు తడబడినా వెంటనే కిందికి దిగాలి. ఇక బైకు ట్యాక్సీలు. హెల్మెట్‌ ఇవ్వకపోతే ఎక్కకండి. 5 నుంచి 29 ఏళ్ల వయసువారిని ప్రపంచంలో ఎక్కువగా పొట్టన పెట్టుకుంటున్నది రోడ్డు ప్రమాదాలే.

తిరిగొచ్చాక ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా ‘ఫలానా దేశం వెళ్లొచ్చాను’ అని వైద్యుడు అడగకముందే చెప్పండి. మందు ఎంపిక దాన్ని బట్టి మారవచ్చు. మలేరియా పరీక్ష అదే రోజు చేయించాలి. నెగటివ్‌ వచ్చినా జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల్లో మళ్లీ చేయించాలి. బిల్‌హార్జియా పరీక్షకు మాత్రం తొందర పనికిరాదు. నీళ్లలో దిగిన చివరి రోజు నుంచి రెండు నెలలు లెక్కపెట్టుకుని అప్పుడు రండి. అంతకంటే ముందు చేస్తే జబ్బున్నా నెగటివ్‌ అని రావచ్చు.