సంఘపు లెక్కల ఫైలు తెరువబడనప్పుడు

ఈ మధ్య సంఘ కార్యాలయములలో తరచుగా వినవచ్చుచున్న మాట యొకటి కలదు. ఋణము చెల్లింపవచ్చిన రైతుతోను, ఎరువుల రసీదు కోరవచ్చిన రైతుతోను గుమాస్తా, "ఈ దినము కంప్యూటరులో ఫైలు తెరుచుకొనుట లేదు, రేపు రండి" అనుచుండును. కోహీరు నుండియో, న్యాల్‌కల్ నుండియో, ఝరాసంగము నుండియో బస్సెక్కి జహీరాబాదు వచ్చిన రైతునకు ఆ మాటతో ఒక దినపు పని చెడును. పూర్వము చిట్టా, ఖాతా పుస్తకములు బీరువాలో నుండెడివి. తాళముచెవి యున్నచో లెక్కయు నుండెడిది. ఇప్పుడు తాళముచెవి గుమాస్తా చేతిలోనే యున్నను, యంత్రము పుస్తకము నీయకుండుట సభ్యులకు వింతగా తోచుచున్నది. ఇందులో వింత యేమియు లేదు. కారణములు కొన్నియే, వానిలో అనేకము అరగంటలో చక్కబడునవి.

మొదట రైతునకు ముఖ్యమైన సంగతి చెప్పుదుము. 3 లక్షల రూపాయలలోపు పంటఋణమునకు వడ్డీ 7 శాతము. గడువులోగా చెల్లించిన వారికి కేంద్ర ప్రభుత్వము 3 శాతము రాయితీ నిచ్చుటచే, వాస్తవముగా పడునది 4 శాతమే. లక్ష రూపాయలు ఒక సంవత్సరము వాడుకొన్న రైతునకు ఈ భేదము 3,000 రూపాయలు. గడువు ముగియు దినమున ఫైలు తెరువబడలేదని రొక్కము పుచ్చుకొనకున్నచో, తప్పు రైతుది కాకపోయినను గడువు దాటినట్లే లెక్కలో కనబడును. కావున యంత్రము చెడిన దినమున సంఘము చేయవలసినది రైతును త్రిప్పిపంపుట కాదు. వరుససంఖ్యలు ముద్రింపబడిన చేతిరసీదు పుస్తకమునుండి తేది, వేళ, మొత్తము వ్రాసి, సంతకముతో రసీదు నిచ్చి, ఆ మొత్తమును చేతి నగదుపుస్తకములో ఎక్కించి, యంత్రము నడచిన పిమ్మట రొక్కము ముట్టిన తేదితోనే జమ కట్టవలయును. రైతును రసీదు లేనిదే రొక్కమిచ్చి పోవలదు.

ఇక ఫైలు సంగతి. మన ప్రాంతపు చిన్నసంఘములు, వ్యాపారులు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు అనేకము టాలీ యను లెక్కల ప్రోగ్రామును వాడుచున్నవి. 1986లో స్థాపింపబడిన ఈ సంస్థ బెంగళూరునందున్నది. ఇందు రెండు వేరు వస్తువులున్నవని గ్రహింపవలయును. ప్రోగ్రాము గుమాస్తా వంటిది. డేటా పుస్తకము వంటిది. ప్రోగ్రాము చెడినచో మరల తెచ్చి పెట్టుకొనవచ్చును. డేటా పోయినచో ఎవరును తెచ్చి యీయలేరు. సంఘపు లెక్క యంతయు ఒక అంకె పేరుగల సంచిలో, అనగా ఫోల్డరులో, అనేకములగు చిన్న ఫైళ్లుగా నుండును. ఆ సంచి ఏ యంత్రములో, ఏ చోట నున్నదో కార్యదర్శి కాగితముమీద వ్రాసి బీరువాలో నుంచవలయును. ఈ చిన్నపని చేయని సంఘములే ఎక్కువ.

2022లో కేంద్ర ప్రభుత్వము 2,516 కోట్ల రూపాయల వ్యయముతో 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు ఆమోదించిన పథకమున పద్ధతి వేరు. అచ్చట పుస్తకము సంఘపు గదిలో నుండదు, దూరమందలి యంత్రములో నుండును. అది తెరువబడకున్నచో చూడవలసినది ఇంటర్నెట్టు తీగను, సంకేతపదమును. ఇచ్చటి ఫైళ్లను కాదు. క్రింద వ్రాయునది పుస్తకము గదిలోనే యున్న సంఘములకు.

ఏదైనను తాకుటకు ముందు తెరమీద వచ్చిన మాటను అక్షరము తప్పకుండ వ్రాసికొనవలయును, లేదా ఫోనుతో చిత్రము తీయవలయును. "ఏదో ఎర్రరు వచ్చినది" అనుట వైద్యునితో "ఏదో నొప్పి" అనుట వంటిది. తరువాత తెలిసికొనవలసినవి: ఒక యంత్రముననే తెరువబడుట లేదా, అన్నింటనా? ఒక సంవత్సరపు లెక్కయేనా, అన్ని లెక్కలా? చివర తెరువబడిననాటి నుండి యేమి మారినది? వీనికి ఉత్తరములు దొరికినచో రోగము సగము తెలిసినట్లే.

మిక్కిలి తరచుగా కానవచ్చునది దారి తప్పుట. డేటా ఒక యంత్రములో నుండగా మిగిలిన యంత్రములు తీగద్వారా దానిని చదువుచుండును. ఆ పెద్దయంత్రము ఆపివేయబడినను, తీగ వదులైనను, ఒక పెన్‌డ్రైవు పెట్టుటచే డ్రైవుల అక్షరములు మారినను, టాలీలో సంఘముల పట్టిక ఖాళీగా కనబడును. ఫైలు ఎచ్చటికిని పోలేదు, చూచుచోటు మారినది. ఇచ్చటనే పెద్దప్రమాదము జరుగును. పట్టిక ఖాళీగా నుండుట చూచి, లెక్క పోయినదని భయపడి, గుమాస్తా అదే పేరుతో క్రొత్తసంఘమును సృష్టించి ఆ దినపు రసీదులను అందులో వ్రాయ మొదలిడును. రెండు దినముల తరువాత పాతది కనబడును. అప్పటినుండి ఒక సంఘమునకు రెండు పుస్తకములు, సభ్యుని బాకీ రెండువిధములు. ఆడిటరు వచ్చినప్పుడు వానిని కలుపుట వారముల పని. కావున పట్టిక ఖాళీగా నున్నప్పుడు మొదట సెలెక్టు కంపెనీ యనుచోట డేటా దారిని చూచి, కాగితముమీది దారితో సరిపోల్చవలయును. సరిపోలు వరకు క్రొత్తది సృష్టింపరాదు.

రెండవది, పుస్తకము ఇతరుల చేతిలో నుండుట. ఒకరు లెక్కలను సరిచేయుచున్నను, నకలు తీయుచున్నను, రెండవ యంత్రమునకు అది తెరువబడకపోవచ్చును. టాలీలో సిల్వర్ అనుమతి ఒక యంత్రమునకే; పలు యంత్రములలో వాడుటకు గోల్డ్ అనుమతి కావలయును. ఒక్కొక్కప్పుడు ప్రోగ్రామును సరిగా మూయకుండుటచే, తెరమీద కనబడకున్నను యంత్రపు జ్ఞాపకములో అది నడచుచునే యుండి ఫైలును పట్టుకొనును. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కినచో నడచుచున్నవాని పట్టిక వచ్చును. అందు టాలీ పేరు మిగిలియున్నచో, ఎవరును వ్రాయుట లేదని రూఢి చేసికొని దానిని ముగింపవలయును. అది తోచనివారు అన్ని యంత్రములను క్రమముగా ఆపి, పెద్దయంత్రమును మొదట, మిగిలినవానిని తరువాత నడుపవచ్చును.

మూడవది అధికారము. విండోస్ ఏ సంచిని ఎవరు చదువవచ్చునో, ఎవరు వ్రాయవచ్చునో నిర్ణయించి యుంచును. డేటాను ప్రోగ్రామ్ ఫైల్స్ అను చోట పెట్టినచో సామాన్య వాడుకరిని విండోస్ వ్రాయనీయదు. అందువలననే టాలీప్రైమ్ తన డేటాను సాధారణముగా పబ్లిక్ అను సంచిలో నుంచును. క్రొత్త గుమాస్తాకు క్రొత్తపేరు సృష్టించినప్పుడు ఈ చిక్కు వచ్చుచుండును. ఆ సంచిమీద ఆ పేరునకు వ్రాయు అధికారమిచ్చిన చాలును. కొందరు మరమ్మత్తుదారులు శ్రమ తగ్గుటకు అందరికిని అడ్మినిస్ట్రేటరు సంకేతపదము నిత్తురు. అది బీరువా తాళముచెవిని గుమ్మమునకు వ్రేలాడదీయుటయే. పాలకవర్గము దాని కొప్పుకొనరాదు.

వైరస్ నివారిణి ప్రోగ్రాములు ఒక్కొక్కప్పుడు మంచి ఫైలునే దొంగయని బంధించును. దాని బందీల పట్టికలో చూచి విడిపించి, డేటా సంచిని మినహాయింపులో చేర్చవలయును. నివారిణినే ఆపివేయుట తగదు.

ఇక కరెంటు. తొలకరి గాలివానలలో వెలుగు పోవుట మన గ్రామములకు క్రొత్త కాదు. యంత్రము ఫైలులో వ్రాయుచుండగా కరెంటు పోయినచో వ్రాత సగములో తెగును. మరునాడు ఫైలు చెడినదను మాట వచ్చును. ఇట్టిచో వెంటనే మరమ్మత్తు నడుపరాదు. డేటా సంచి యంతటిని వేరుచోట నకలు తీసిన పిమ్మటనే టాలీప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కి రిపేరు ననుసరింపవలయును. పాత ఈఆర్‌పీ 9 లో ఇదే పని కంట్రోల్, ఆల్ట్, ఆర్ మీటలతో జరుగును. మరమ్మత్తులో చెడిన పద్దులు జారిపోవచ్చును. కావున తరువాత నగదు నిల్వను పెట్టెలోని రొక్కముతోను, చివరి దినముల పద్దులను రసీదు పుస్తకముతోను సరిచూడవలయును. పెద్దయంత్రమునకు యూపీఎస్ లేని సంఘము ఈ వ్యయమును వాయిదా వేయుట పొదుపు కాదు.

చెడకున్నను చెడినట్లు కనబడునవియు కలవు. అనుమతి గడువు తీరియో, గుర్తింపబడకయో టాలీ విద్యార్థి పద్ధతిలో తెరువబడినచో, నెలలో 1, 2, 31 తేదులకు దక్క పద్దులు వ్రాయనీయదు. క్రొత్త మాతృకకు మార్చిన డేటాను పాత ప్రోగ్రాము చదువలేదు. టాలీవాల్ట్ అను సంకేతపదము పెట్టి మరచినచో మాత్రము ఉపాయము లేదు. ఆ సంస్థవారును తెరువలేరు. అట్టి పదమును సీలువేసిన కవరులో అధ్యక్షుని యొద్ద నుంచుట మేలు.

ఫైళ్లన్నింటి పేర్లును ఒక్కసారిగా మారి, ధనము కోరుచు ఉత్తరము తెరమీద కనబడినచో అది వేరుజబ్బు. 2024 జూలై నెలాఖరున సీ-ఎడ్జ్ యను సంస్థ యంత్రములకు ఇట్టి దాడి తగులుటచే, దానినాశ్రయించిన సుమారు 300 చిన్నబ్యాంకుల చెల్లింపులు ఆగినవి. వానిలో సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు చాలగలవు. అట్టిది కనబడగానే తీగను ఊడదీసి, మరమ్మత్తులేవియు చేయక, 1930 నంబరునకు ఫోను చేయవలయును.

ఈ అన్నింటికిని తుదకు ఆధారము నకలే. పస్తాపూరు పరిసరగ్రామములలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములవారు జొన్న, కొర్ర, కంది విత్తనములను బూడిదయు వేపాకును కలిపి బుట్టలలో దాచుట మన సభ్యు లెరుగుదురు. ఒక యింట పురుగుపట్టినను మరొక యింట విత్తన ముండును. లెక్కకును అట్లే ఉండవలయును. యంత్రములో నొకటి, బీరువాలోని పెన్‌డ్రైవులో నొకటి, కార్యాలయమునకు వెలుపల నొకటి. యంత్రమునకే గుచ్చి వదలిన పెన్‌డ్రైవు రెండవచోటు కాదు. పిడుగుపాటునకును, పైన చెప్పిన దాడికిని రెండును కలిసి పోవును. తీసిన నకలు తెరువబడునో లేదో నెలకొకసారి వేరు యంత్రములో తెరచి చూడవలయును. మొలక పరీక్ష చేయని విత్తనమును చేనిలో చల్లు రైతు లేడుగదా. నెలాఖరు నిల్వల పట్టికను కాగితముమీద ముద్రించి, కార్యదర్శియు అధ్యక్షుడును సంతకము చేసి దాచుటయు అవసరము.

వచ్చు సర్వసభ్య సమావేశమున సభ్యులు జమాఖర్చుల పట్టికతోపాటు పాలకవర్గము నీ రెండు సంగతు లడుగవచ్చును: చేతిరసీదు పుస్తకము ఎవరి యొద్ద నున్నది? నకలును చివరిసారి తెరచి చూచిన తేది యేది? ఉత్తరమును సమావేశపు మినిట్సు పుస్తకములో తేదితో సహా వ్రాయింపవలయును.