కంప్యూటర్ల పరీక్షకు కలకత్తా గణితం

కంప్యూటరును కొని బల్లపై ఉంచినంత మాత్రాన అది పనికి రాదు. దానిని నడిపించే మూల కార్యక్రమాన్ని, అనగా ఆపరేటింగ్ సిస్టమ్‌ను, ముందుగా అందులో స్థాపించాలి. ఆపైన యంత్రం తనంతట తాను మేల్కొనాలి. చివరకు వినియోగదారు తన పేరు, సంకేతపదం తెలిపి లోనికి ప్రవేశించగలగాలి. స్థాపన, ప్రారంభం, ప్రవేశం అనే ఈ మూడు మెట్లలో ఏ ఒక్కటి విరిగినా తక్కిన సౌకర్యాలన్నీ నిరర్థకమవుతాయి. పాఠశాలలోనైనా, ఆసుపత్రిలోనైనా, పంచాయతీ కార్యాలయంలోనైనా తెరచుకోని యంత్రం తాళంచెవి పోయిన బీరువా వంటిదే. అందులోని కాగితాలు భద్రంగానే ఉండవచ్చును. కాని అవసరానికి అందవు.

మీట నొక్కగానే మొదట మేల్కొనేది యంత్రంలోని ఒక చిన్న శాశ్వత కార్యక్రమం. అది డిస్కుపై ఉన్న మరొక కార్యక్రమాన్ని వెదకి పిలుస్తుంది. ఆ రెండవది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌ను జ్ఞాపకశక్తిలోనికి తెస్తుంది. కెర్నెల్ డిస్కులను, మీటల పలకను, తెరను గుర్తించి, అవసరమైన సేవలను ఒకదాని తరువాత ఒకటి ప్రారంభిస్తుంది. ఈ గొలుసు ఎక్కడా తెగకపోతే, తెరపై పేరు అడిగే పంక్తి కనిపిస్తుంది. యంత్రం సిద్ధమైనదనుటకు అదే గుర్తు.

రెండు మంచి విషయాలు కలిసిన చోట

లోపాలు తరచుగా ఒక అంశంలో గాక, రెండు అంశాల కలయికలో దాగి ఉంటాయి. ఒక ఉదాహరణ చూద్దాం. స్థాపన సమయంలో ఒక ఉపాధ్యాయురాలు తెలుగు మీటల అమరికను ఎంచుకుని, సంకేతపదాన్ని తెలుగు అక్షరాలలోనే ఇచ్చినదనుకొందాం. చిత్రాలతో కూడిన తెరపై ఆమె నిరాటంకంగా లోనికి వెళ్లగలదు. కాని ఏదో మరమ్మతు కోసం కన్సోల్ అనబడే ఉత్త అక్షరాల తెరపై ప్రవేశించవలసి వస్తే? లినక్సులోని ఆ సాధారణ తెర తెలుగు, బెంగాలీ లిపుల గుణింతాలను, సంయుక్తాక్షరాలను సరిగా కూర్చలేదు. అక్కడ తెలుగు మీటల అమరిక కూడా లభించకపోవచ్చును. తన సంకేతపదం తనకు తెలిసియుండియు ఆమె బయటనే నిలిచిపోతుంది.

ఇక్కడ తెలుగు అమరికలో దోషం లేదు. అక్షరాల తెరలోనూ దోషం లేదు. ఆ రెండూ కలిసిన చోట దోషం పుట్టినది. శ్రద్ధతో రూపొందించిన స్థాపన కార్యక్రమాలు రోమన్ అక్షరాల అమరికను కూడా తోడుగా ఉంచుటకు కారణం ఇదే. భారతదేశం వంటి బహుభాషా దేశంలో ఇట్టి కలయికలను పరీక్షించకుండా వదలిపెట్టడమంటే, మాతృభాషను ఎంచుకున్న పౌరుని శిక్షించడమే అవుతుంది.

81 నుండి 9కి

అయితే కలయికలు ఎన్ని? నాలుగు అంశాలనే తీసుకొందాం. భాష: ఇంగ్లీషు, తెలుగు, బెంగాలీ. డిస్కు: పూర్తిగా వాడుకోవడం, మరొక వ్యవస్థ పక్కన ఉంచడం, రహస్య లిపిలో భద్రపరచడం. నెట్‌వర్కు: తీగతో, తీగ లేకుండా, అసలు లేకుండా. ప్రవేశం: చిత్రాల తెర, అక్షరాల తెర, సీరియల్ తీగ. ఒక్కొక్క దానికి మూడేసి చొప్పున మొత్తం 81 కలయికలు ఏర్పడతాయి. ఇటువంటి అంశాలు 13 ఉంటే కలయికల సంఖ్య 15,94,323కు చేరుతుంది. అన్నింటినీ పరీక్షించడం ఆచరణలో అసాధ్యం.

ఈ చిక్కుకు పరిష్కారం కంప్యూటర్లు మన దేశానికి రాకముందే కలకత్తాలో లభించినది. దానిని కనుగొన్నవారు తెలుగువారైన డాక్టర్ కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో నాటి బళ్లారి జిల్లా హడగళిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించిన ఆయన ఉద్యోగాన్వేషణలో కలకత్తా వెళ్లారు. ఆశించిన ఉద్యోగం దొరకలేదు. కాని 1931లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ నెలకొల్పిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి అక్కడనే తెలిసినది. 1941లో ఆయన ఆ సంస్థలో చేరారు.

ఆనాటి సంఖ్యాశాస్త్రవేత్తలను వేధించిన ప్రశ్న ప్రయోగాలకు సంబంధించినది. విత్తనం, ఎరువు, నీరు మొదలైన అనేక అంశాల ప్రభావాన్ని అన్ని కలయికలనూ ప్రయోగించకుండా తెలుసుకొనుట ఎట్లు? 1946, 1947 సంవత్సరాలలో ప్రచురించిన వ్యాసాలలో రావు ఇందుకు తగిన అమరికలను ప్రతిపాదించారు. అవి తరువాత ఆర్థాగనల్ అరేలు అనే పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందాయి.

పై ఉదాహరణకే వాటిని అన్వయించి చూడవచ్చును. మూడు వరుసలు, మూడు నిలువులు గల తొమ్మిది గళ్ల పటం గీయాలి. వరుసలు భాషలు, నిలువులు డిస్కు పద్ధతులు. ప్రతి గడిలో ఒక నెట్‌వర్కు పద్ధతిని వ్రాయాలి. ప్రతి వరుసలోనూ, ప్రతి నిలువులోనూ ఒక్కొక్కటి ఒక్కసారే రావాలి. ప్రవేశ పద్ధతులను కూడా అదే నియమంతో వ్రాయాలి. అయితే ప్రతి నెట్‌వర్కు పద్ధతి ప్రతి ప్రవేశ పద్ధతితో ఒకే ఒక్క గడిలో కలుసుకొనేటట్లు చూడాలి. ఒక్కొక్క గడి ఒక్కొక్క పరీక్ష. నాలుగు అంశాలను రెండేసిగా తీసుకుంటే మొత్తం 54 జతలు వస్తాయి. ఒక్కొక్క పరీక్ష ఆరు జతలను చూస్తుంది కనుక తొమ్మిది పరీక్షలలో 54 జతలూ సరిగ్గా ఒక్కొక్కసారి పూర్తవుతాయి. తెలుగు అమరిక, అక్షరాల తెర అనే జత వీటిలో తప్పక ఉంటుంది. అంశాలు 13 అయినా 27 పరీక్షలు చాలును.

జపాను ఇంజనీరు గెనిచి తగుచి 1954-55లో ఈ కలకత్తా సంస్థలో అతిథి ఆచార్యులుగా ఉన్నారు. పరిశ్రమలలో నాణ్యతను పెంపొందించుటకు ఆర్థాగనల్ అరేలను విరివిగా వాడి, వాటికి ఆయన విశేష ప్రచారం కల్పించారు. 1985లో రాబర్ట్ మాండ్ల్ ఇదే కోవకు చెందిన లాటిన్ చతురస్రాలను అడా అనే కంప్యూటర్ భాష కంపైలర్ పరీక్షకు వినియోగించారు. ఆ విధంగా పొలాల కోసం పుట్టిన గణితం కంప్యూటర్ కార్యక్రమాల రంగంలో ప్రవేశించినది.

యంత్రాన్ని యంత్రమే పరీక్షించుట

ఎంపిక చేసిన పరీక్షలను నేడు మనిషి కూర్చుని నడపనవసరం లేదు. ఒక పెద్ద కంప్యూటరులో అనేక ఊహా యంత్రాలను సృష్టించి, ఒక్కొక్క దానిలో స్థాపనను మొదటినుండి జరిపిస్తారు. ఓపెన్‌సూసె బృందం రూపొందించగా ఫెడోరా బృందం కూడా వాడుతున్న ఓపెన్‌క్యూఏ అనే సాధనం తెరపై కనిపించే దృశ్యాన్ని ముందుగా భద్రపరచిన చిత్రంతో పోల్చి, సరిపోయినప్పుడే తరువాతి మీట నొక్కుతుంది. అక్షరాల తెరపై అయితే పేరు అడిగే పంక్తి కోసం నిరీక్షించి, పేరు, సంకేతపదం పంపి, ఒక చిన్న ఆజ్ఞ ఇచ్చి సమాధానాన్ని సరిచూస్తుంది. నిర్ణీత వ్యవధిలో సమాధానం రాకపోతే పరీక్ష విఫలమైనట్లు నమోదు చేస్తుంది. చివరి ఆజ్ఞ ముఖ్యమైనది. పేరు అడిగినంత మాత్రాన యంత్రం ఆరోగ్యంగా ఉన్నదని చెప్పలేము. లోనికి రానిచ్చి పని చేసి చూపాలి.

పద్ధతికి గల పరిమితి

తొమ్మిది పరీక్షలు జతలకు మాత్రమే హామీ ఇస్తాయి. తెలుగు అమరిక, రహస్య లిపి డిస్కు, అక్షరాల తెర అనే మూడూ ఒకేసారి కలిసినప్పుడే బయటపడే లోపం వాటికి చిక్కకపోవచ్చును. రావు తన అమరికలకు ‘బలం’ అనే కొలతను చేర్చుటలోని ప్రయోజనం ఇక్కడ తెలుస్తుంది. బలం రెండైతే అన్ని జతలూ, మూడైతే అన్ని త్రయాలూ పరీక్షకు వస్తాయి. పై నాలుగు అంశాలకు మూడు బలం కావాలంటే 27 పరీక్షలు అవసరం. అయినను అవి 81లో మూడవ వంతే. వైద్య పరికరాలు మొదలైనవాటి వైఫల్యాలను పరిశీలించిన అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ పరిశోధకులు, అత్యధిక లోపాలకు ఒకటి రెండు అంశాలే కారణమని, ఆరింటికి మించిన కలయిక అవసరమైన లోపం తమకు కనిపించలేదని తెలిపారు. ఎంత బలం కావాలో నిర్ణయించవలసినది ఆ యంత్రంపై ఆధారపడిన ప్రజల అవసరమే.

1956లో ఇంగ్లండు నుండి తెప్పించిన హెచ్‌ఇసి-2ఎం కంప్యూటరు ఇదే సంస్థలో పనిచేసినది. 1966లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి ఈ సంస్థ ఐసిజు-1 అనే ట్రాన్సిస్టర్ కంప్యూటరును నిర్మించినది. ఆ యంత్రాల కాలం ముగిసినది. కాని ఉద్యోగం వెదకుతూ వంగదేశం చేరిన ఒక తెలుగు యువకుడు గీసిన గళ్ల పటం మాత్రం నిలిచి ఉన్నది. 2023 ఆగస్టు 22న రావు దివంగతులయ్యారు. ఎక్కడో ఒక ఉపాధ్యాయురాలు తన భాషలో కంప్యూటరును స్థాపించుకుని, మరునాడు ఉదయం ఏ ఆటంకమూ లేకుండా లోనికి ప్రవేశించినప్పుడు ఆ గణితం తన పని తాను నెరవేర్చినట్లే.