ఒక్క ఫారం రెండుసార్లు చేరకుండా

వెబ్‌సైట్‌లో ఫారం నింపి సబ్మిట్ నొక్కాక తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటే చెయ్యి ఊరుకోదు, మళ్లీ నొక్కుతుంది. ఒకే దరఖాస్తుకు రెండు నంబర్లు పడటం, ఫీజు రెండుసార్లు కట్ కావడం చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. నొక్కినవారిని తప్పుపట్టి లాభం లేదు. రెండో నొక్కును గుర్తుపట్టాల్సింది సైటే.

బ్రౌజర్ సర్వర్‌ను అడిగే తీరుల్లో గెట్, పోస్ట్ ముఖ్యమైనవి. గెట్ అంటే పేజీ చూపమనడం. ఎన్నిసార్లు అడిగినా నష్టం లేదు. పోస్ట్ అంటే వివరాలు అప్పగించడం. రెండుసార్లు అప్పగిస్తే రెండుసార్లు నమోదు కావచ్చు. ఫారం పంపాక వచ్చిన పేజీని రిఫ్రెష్ చేస్తే, మళ్లీ పంపమంటారా అని బ్రౌజర్ అడిగేది అందుకే. దీనికి విరుగుడు 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణంలోనే ఉంది. వివరాలు రాసుకున్న సర్వర్ 303 అనే సంకేతంతో బ్రౌజర్‌ను రసీదు పేజీకి మళ్లిస్తుంది. ఆ పేజీ గెట్‌తో వస్తుంది కనుక ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా చిక్కు లేదు.

జవాబు రాకముందే పడే రెండో నొక్కును మాత్రం 303 ఆపలేదు. మొదటి నొక్కుతోనే బటన్ పనిచేయకుండా చేయడం చాలామంది పాటించే పద్ధతి. మంచిదే, కానీ అది మర్యాద మాత్రమే. దరఖాస్తు సర్వర్‌కు చేరి, జవాబు దారిలో పోతే, మనిషి వెనక్కి వెళ్లి అదే ఫారం మళ్లీ పంపుతాడు.

అసలు కాపలా టోకెన్‌ది. ఫారంతోపాటే సర్వర్ ఒక ప్రత్యేక సంఖ్యను కనబడకుండా పంపుతుంది; ప్రసాదం కౌంటర్‌లో టోకెన్ చించేసినట్టు, ఒకసారి వాడగానే అది చెల్లదు. చెల్లింపుల సంస్థ స్ట్రైప్ ఇలాంటి సంఖ్యను ఐడెంపొటెన్సీ కీ అంటుంది. అదే కీతో మళ్లీ అడిగితే మొదటి జవాబునే తిరిగిస్తుంది. పేరు, మొత్తం ఒకటేనని చూసి రెండోదాన్ని తోసేయడం మాత్రం పొరపాటు. ఒకే మనిషికి ఒకే రోజు అయిదేసి వందలు రెండుసార్లు కావాలనే పంపేవారుంటారు.

ఇందులోనూ ఒక సందు ఉంది. రెండు అభ్యర్థనలు ఒకే క్షణంలో వస్తే, టోకెన్ ఇంకా వాడలేదని రెండింటికీ కనిపించవచ్చు. అందుకే టోకెన్ గడిలో ఒకే విలువ రెండుసార్లు పడకూడదన్న నియమం డేటాబేస్‌లోనే పెట్టాలి. రెండోది అక్కడ ఆగిపోతుంది. అప్పుడు ఎర్రక్షరాల ఎర్రర్ చూపి మనిషిని కంగారు పెట్టకుండా, మొదటి రసీదు నంబరే చూపాలి.