ఈ దినమున ఇంత త్వరగా ఎట్లు వచ్చితిరి?

నిర్గమకాండము రెండవ అధ్యాయములో మనం గమనించకుండా దాటిపోయే ప్రశ్న ఒకటున్నది. మిద్యాను యాజకుని ఏడుగురు కుమార్తెలు మందకు నీళ్లు పెట్టడానికి బావి యొద్దకు వెళ్లారు. మందకాపరులు వచ్చి వారిని తోలివేయగా మోషే లేచి సహాయం చేశాడు. ఇంటికి రాగానే తండ్రి రగూయేలు, ఈ రోజు ఇంత త్వరగా ఎలా వచ్చారని అడిగాడు. అంటే మిగతా రోజుల్లో ఆలస్యమయ్యేదన్నమాట. ఆ కాపరుల ఆగడం ఒక్కనాటిది కాదు. తండ్రి తెలిసీ ఊరుకున్నాడో, కుమార్తెలు చెప్పనే లేదో వాక్యం చెప్పదు. ఆయన యాజకుడు, నేనొక సంఘ కాపరిని. అందుకే ఆ ప్రశ్న నన్ను గుచ్చుతుంది.

గత సంవత్సరం హన్మకొండలోని మా సంఘంలో, క్వయర్‌లో పాడే ఒక డిగ్రీ విద్యార్థిని శనివారం ప్రాక్టీసుకు రావడం మానేసింది. పరీక్షలనుకున్నాను. తల్లి చెబితే తెలిసింది. బస్సు దిగి చర్చికి వచ్చే దారిలో పాన్ డబ్బా దగ్గర నలుగురైదుగురు కుర్రవాళ్లు నిలబడతారు. ఈలలు, సినిమా పాటలు, ఒక్కోసారి బండి నెమ్మదిగా వెంట నడపడం. నేనేమి చెప్పాను? "వేరే దారిన రా బిడ్డా, చున్నీ నిండుగా వేసుకో, తల వంచుకుని వచ్చేయి" అన్నాను. ఆమె మారు మాట్లాడలేదు.

తరువాత నా భార్య యౌవన స్త్రీల కూడికలో ఈ సంగతి ఎత్తింది. ఆ సాయంకాలం ప్రార్థన కంటె మాటలే ఎక్కువసేపు జరిగినవట. వారు ఒప్పుకున్నంత మట్టుకు వ్రాస్తున్నాను.

షేర్ ఆటోలో ఏ మూలన కూర్చోవాలి, బ్యాగు ఎటు పట్టుకోవాలి, కాజీపేటలో రైలు ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలి, ఈ లెక్కలన్నీ ఇల్లు కదలక ముందే వేసుకుంటామని ఒక సోదరి అన్నది. "అన్న మాట కంటె, బస్టాపులో పెద్దలు విననట్టు ముఖం తిప్పుకోవడమే ఎక్కువ నొప్పి" అన్నది ఒక నర్సు. తప్పు చేసినవాడు నవ్వుతూ ఉంటే సిగ్గు మాత్రం తనకెందుకు కలుగుతుందో అర్థం కాదని ఇంకొకరు అన్నారు. ఇక ఇంట్లో ఎందుకు చెప్పరు? అందరిదీ ఒకటే జవాబు. చెబితే కాలేజి మాన్పించి సంబంధాలు చూస్తారు. వీధిలోని కుర్రవాని కంటె ఇంటి నిర్ణయమే వారికి పెద్ద భయం. ఈ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు.

పత్రికలు దీనిని "ఈవ్ టీజింగ్" అని వ్రాస్తూ వచ్చాయి. ఈవ్ అంటే మన హవ్వయే. చేసేది ఒకరు, పేరు ఆమెది! తోటలో ఆదాము కూడా దేవుడు అడగగానే నేరం ఆమె మీదికే నెట్టాడు గదా.

ఇది చిలిపితనమని కొట్టిపారేసేవారికి మన ఊరిలోనే జవాబున్నది. 2008 డిసెంబరు 10న వరంగల్‌లో కాలేజి నుండి స్కూటరుపై వస్తున్న ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ పోశారు. వారిలో ఒకామె ఆ నెలాఖరున కన్ను మూసింది. ప్రేమను నిరాకరించిందన్నదే ఆమె చేసిన నేరం. నిందితులు ముగ్గురూ మూడు రోజులకే పోలీసు కాల్పుల్లో మరణించగా చాలామంది సంతోషించారు. నేను సంతోషించలేకపోయాను. వాళ్లు కూడా ఎవరి బిడ్డలో. వెంటపడుతున్న మొదటి రోజుల్లోనే వారిని ఆపేవారు ఎవరైనా ఉండి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో!

ఇప్పుడు చట్టమున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో వెంటపడటం 78వ సెక్షను క్రింద, స్త్రీని అవమానించే మాట, సైగ 79వ సెక్షను క్రింద నేరం. రెంటికీ మూడేళ్ల వరకు జైలు. 2014లో హైదరాబాదులో మొదలైన షీ టీమ్స్ ఇప్పుడు మన జిల్లాలోనూ ఉన్నవి. మఫ్టీలో తిరుగుతారు, పట్టుబడిన కుర్రవాని తల్లిదండ్రులను పిలిపించి బుద్ధి చెబుతారు. 112కు గాని 181కు గాని ఫోన్ చేయవచ్చు.

అయితే బోయజు పోలీసుల కొరకు చూడలేదు. పరదేశియైన రూతు తన పొలానికి రాగా, ఆమె జోలికి పోవద్దని తన పనివారికే ఆజ్ఞాపించాడు (రూతు 2:9). ప్రభువు కూడా మత్తయి 5:28లో చూపును గూర్చి హెచ్చరించినది చూసేవానినే.

కాబట్టి మన పనివారితో మాట్లాడదామని యౌవనస్థుల కూడికలో ఈ సంగతి తెచ్చాను. ఎవరూ తలెత్తలేదు. అందరూ వెళ్లిన తరువాత ఒక కుర్రవాడు ఆగి, "అయ్యగారూ, నేను గూడ ఆ డబ్బా కాడ ఉంట. నేనేమనలే, నవ్విన అంతే" అన్నాడు. మా సండే స్కూలులో పెరిగినవాడే. చాలాసేపు ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు.

మరునాడు ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి, నా సలహా తప్పని తల్లిదండ్రుల ఎదుటనే ఒప్పుకున్నాను. చదువు మాన్పించమని తండ్రి మాట ఇచ్చాడు. ఆమె "చూద్దాం అయ్యగారూ" అన్నది.

గత మూడు శనివారాలు ప్రాక్టీసుకు వచ్చింది, అదే దారిన. వాళ్లు ఇంకా అక్కడ ఉంటున్నారా అని అడిగాను.

"ఉంటున్నరు అయ్యగారూ. గాని ఒకడు తక్కువైండు."